రబ్బరు సీల్‌లోంచి ఎంత తేమ దాటుతోంది? కప్పు పద్ధతిలో కొలిచే విధానం

పెట్టె ఐపీ67 పరీక్ష నెగ్గింది. మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ముంచినా చుక్క లోపలికి పోలేదు. అదే పెట్టెను ఆరుబయట బిగిస్తే, కొన్ని నెలలకు అద్దం లోపలివైపు మసకబారింది, సర్క్యూట్ బోర్డు మీద రాగి పచ్చబడింది. మూత కింద బిగించే రబ్బరు వలయాన్ని, అంటే ఓ-రింగ్‌ను విప్పి చూస్తే ఎక్కడా చీలిక లేదు, నొక్కు సరిగ్గానే పడింది, గాడి శుభ్రంగా ఉంది. ఇలాంటప్పుడు చాలామంది ఓ-రింగ్ మార్చి మళ్లీ లీక్ టెస్ట్ పెడతారు, అది మళ్లీ నెగ్గుతుంది. తేమ సందులోంచి రాలేదు, రబ్బరులోంచే వచ్చింది. ఎంత వచ్చిందో లీక్ టెస్ట్ చెప్పలేదు. దాన్ని విడిగా కొలవాలి.

లీకేజీకి, రబ్బరులోంచి దాటడానికి దారులే వేరు. లీకేజీకి రంధ్రమో గీతో కావాలి. పీడనం తేడా రాగానే మొదలవుతుంది. ఆవిరి దాటడానికి రంధ్రం అక్కర్లేదు. నీటి అణువు రబ్బరు ఉపరితలంలో కరుగుతుంది, రబ్బరు అణువుల గొలుసుల మధ్య నెమ్మదిగా జరుగుతుంది, అవతలి వైపు బయటపడుతుంది. ఫిలడెల్ఫియా వైద్యుడు జె.కె. మిచెల్ 1830ల మొదట్లోనే రబ్బరు బెలూన్లలోంచి వాయువులు తప్పించుకోవడం గమనించాడు. ముందు కరిగి, తర్వాత లోపల వ్యాపించి దాటుతాయన్న వివరణ 1866లో థామస్ గ్రాహం ఇచ్చాడు. కాబట్టి ఒక రబ్బరు ఎంత ఆవిరిని వదులుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత కరిగించుకుంటుంది, ఎంత వేగంగా కదలనిస్తుంది. బ్యూటైల్ రబ్బరులో కదలిక చాలా తక్కువ, అందుకే టైరు ట్యూబులు దాంతో చేస్తారు. సిలికోన్ వేడికి, చలికి బాగా తట్టుకుంటుంది గానీ ఆవిరికి తలుపులు తీసి పెడుతుంది. ఆక్సిజన్ విషయంలో ఈ రెంటి మధ్య తేడా కొన్ని వందల రెట్లు.

కింద చెప్పేది చిన్న ల్యాబులో, మామూలు అనలిటికల్ బ్యాలెన్స్‌తో చేయగల పద్ధతి. జీడిమెట్లలోనో ఆటోనగర్‌లోనో గాస్కెట్లు, ఓ-రింగులు తయారు చేసే యూనిట్‌లో క్వాలిటీ చూసుకునేవాళ్లకు ఇది అందుబాటులో ఉండే పని. ఖరీదైన యంత్రం కన్నా ఎక్కువగా కావాల్సింది ఓపిక.

ముందు ఏం కొలవాలో తేల్చుకోండి

మెటీరియల్‌ను కొలుస్తారా, బిగించిన సీల్‌ను కొలుస్తారా? రెండూ వేర్వేరు ప్రశ్నలు. రబ్బరు కాంపౌండ్లను ఒకదానితో ఒకటి పోల్చాలంటే చదును షీటు చాలు. పెట్టె లోపలికి ఏడాదికి ఎంత తేమ పోతుందో తెలియాలంటే షీటు సంఖ్యతో లెక్క వేసి, తర్వాత అసలు సీల్ మీద సరిచూడాలి. నా సలహా ఎప్పుడూ షీటుతో మొదలుపెట్టమనే. షీటు సంఖ్య చేతిలో లేకపోతే, అసలు సీల్ మీద వచ్చిన ఫలితం లీకేజీయో, ఆవిరి దాటడమో విడదీసి చెప్పలేరు.

ప్రమాణాల్లో ఎక్కువగా వాడేవి ఏఎస్‌టీఎం ఇ96, ఐఎస్‌ఓ 2528. రెంటి పునాదీ ఒకటే: కప్పు మూతి మీద నమూనాను మూతలా బిగించి, కప్పు బరువు రోజురోజుకీ ఎలా మారుతోందో చూడటం. కప్పు లోపల తేమను పీల్చే పదార్థం ఉంటే పొడి కప్పు, నీళ్లుంటే తడి కప్పు. పొడి కప్పు బరువు పెరుగుతుంది, తడి కప్పు బరువు తగ్గుతుంది. మీ పెట్టె లోపల పొడిగా, బయట వర్షాకాలం అయితే పొడి కప్పే దగ్గరి పోలిక. సీల్ ఒక పక్క ఎప్పుడూ తడిగా ఉండే పంపు, వాల్వు లాంటి చోట తడి కప్పు పెట్టండి. నీటిని పీల్చుకునే గుణమున్న రబ్బరు తడి కప్పులో ఎక్కువ సంఖ్య చూపిస్తుంది. అది పొరపాటు కాదు, ఆ పదార్థం స్వభావమే అంత.

పరిస్థితిని కూడా ముందే రాసిపెట్టుకోండి. మన వాతావరణానికి 38 డిగ్రీలు, 90 శాతం తేమ బాగా సరిపోతుంది. 23 డిగ్రీలు, 50 శాతం దగ్గర పొడి కప్పుకు ఆవిరి పీడనం తేడా 1.40 కిలోపాస్కల్ మాత్రమే. 38 డిగ్రీలు, 90 శాతం దగ్గర అది 5.97 కిలోపాస్కల్. అంటే రబ్బరు ఏ మాత్రం మారకపోయినా, నెట్టే బలం ఒక్కటే నాలుగు రెట్లకు పైగా పెరిగింది. సప్లయర్ ఇచ్చిన కాగితంలో రోజుకు చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని ఉండి, ఏ ఉష్ణోగ్రత, ఏ తేమ దగ్గరో లేకపోతే దాన్ని మీ ఫలితంతో పోల్చకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అల్యూమినియం లేదా గాజు కప్పులు, మూతి వైశాల్యం కనీసం 3,000 చదరపు మిల్లీమీటర్లు. 65 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉంటే వైశాల్యం 3,318 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది, లెక్కకూ అనుకూలం. 0.1 మిల్లీగ్రాము దాకా చూపే బ్యాలెన్స్. మందానికి డయల్ గేజ్, అది కూడా రబ్బరును నొక్కేయని తేలికపాటి అడుగున్నది. నీరు లేని క్యాల్షియం క్లోరైడ్ గుళికలు, పౌడరు రూపంలో ఉన్నది వద్దు. మైక్రోక్రిస్టలైన్ మైనం 60 పాళ్లు, పారఫిన్ మైనం 40 పాళ్లు కలిపిన సీలింగ్ మైనం. ఉష్ణోగ్రతను, తేమను నిలకడగా ఉంచే పెట్టె, అంటే తేమ ఛాంబర్.

క్యాల్షియం క్లోరైడ్ బదులు సిలికా జెల్ కూడా వాడొచ్చు. కానీ అది తన బరువులో 4 శాతం నీరు తాగేలోపే పరీక్ష ఆపేయాలి. క్యాల్షియం క్లోరైడ్‌కు ఆ హద్దు 10 శాతం. నీలం రంగు సిలికా జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, చేత్తో ముట్టుకోకండి. ఏది వాడినా ముందు రోజు 200 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టి, తేమ చొరబడని గాజు పాత్రలో, అంటే డెసికేటర్‌లో చల్లార్చాలి.

ఛాంబర్ లేదని ఆగిపోవద్దు. గట్టి మూతున్న గాజు తొట్టి, దాన్ని 38 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచే ఇన్క్యుబేటర్, అడుగున సంతృప్త లవణ ద్రావణం ఉంటే పని జరుగుతుంది. పొటాషియం నైట్రేట్ ముద్ద 38 డిగ్రీల దగ్గర 90 శాతం తేమను పట్టి ఉంచుతుంది. ల్యాబ్ గ్రేడ్ ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, 75 శాతం ఇస్తుంది. ద్రావణం అడుగున కరగని లవణం ఎప్పుడూ కంటికి కనపడుతుండాలి. పొటాషియం నైట్రేట్ ఆ వేడి దగ్గర 100 మిల్లీలీటర్ల నీటికి 60 గ్రాముల దాకా కరిగిపోతుంది కాబట్టి ధారాళంగా వేయండి. అది అగ్గిని ఎగదోసే పదార్థం, సాల్వెంట్లున్న అల్మరాలో పెట్టకండి. తొట్టి లోపల చిన్న ఫ్యాన్ తిరగాలి. గాలి కదలకపోతే నమూనా పైన ఎండిన గాలి పొర నిలిచి, ఎక్కువ ఆవిరి వదిలే పదార్థాల్లో ఫలితాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

నమూనా కోయడం

ఉత్పత్తిలో వాడే కాంపౌండ్‌తోనే, అదే క్యూరింగ్‌తో, అంటే రబ్బరును వేడితో గట్టిపరిచే అదే పద్ధతితో షీటు తీయండి. మందం 1 మిల్లీమీటరు దగ్గర ఉంటే పరీక్ష త్వరగా తేలుతుంది. మందాన్ని మధ్యలోనూ చుట్టూ నాలుగు చోట్లా కొలిచి సగటు రాయండి. ఎందుకంటే చివరి లెక్కలో మందం నేరుగా గుణకారంలోకి వస్తుంది, అక్కడ 5 శాతం తేడా వస్తే ఫలితంలోనూ 5 శాతం తేడా వస్తుంది. టాల్క్ పౌడరు, అచ్చు నుంచి అంటిన రిలీజ్ ఏజెంట్ తుడిచేయాలి. ఉపరితలం మీదికి మైనంలా తేలిన పొర ఉంటే తుడవకుండా ఆ సంగతి నోట్ చేసుకోండి, వాడకంలోనూ అది అలాగే ఉంటుంది. ఫ్యాబ్రిక్ ఉన్న షీటు అంచు నుంచి ఆవిరిని పక్కలకు లాగుతుంది, దాని అంచునంతా మైనంతో మూయాల్సిందే.

ఒక్కో కాంపౌండ్‌కు మూడు నమూనాలు కోయండి. వాటితోపాటు ఇంకో రెండు కప్పులు తప్పక కావాలి, వాటి సంగతి కింద చెబుతాను.

మైనం పోయడం: అసలు పరీక్ష ఇక్కడే

తప్పుడు సంఖ్యల్లో ఎక్కువ భాగం రబ్బరులోంచి రావు, అంచులోంచి వస్తాయి. ఆవిరికి 1 మిల్లీమీటరు రబ్బరు దాటడం కన్నా, మైనానికీ కప్పు గోడకూ మధ్య వెంట్రుకంత సందులోంచి దూరడం సులువు. అందుకే ఈ పనిలో తొందరపడకండి.

కప్పులో గుళికలు పోసి, నమూనాకు 6 మిల్లీమీటర్ల దిగువ దాకా వచ్చేలా సర్దండి. కప్పును మెల్లగా కదిపితే గుళికలు కదిలేంత చోటుండాలి, కానీ నమూనాను తాకకూడదు. తడి కప్పయితే నీటి మట్టానికీ నమూనాకూ మధ్య సుమారు 19 మిల్లీమీటర్లు వదలండి. నమూనాను మూతి అంచు మీద కూర్చోబెట్టి, పైన సరిగ్గా 65 మిల్లీమీటర్ల వ్యాసమున్న లోహపు బిళ్లను మధ్యకు పెట్టండి. బిళ్ల అంచుకు పలచగా వాసెలిన్ రాసి ఉంచాలి, లేకపోతే తీసేటప్పుడు మైనం ఊడి వస్తుంది. మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో కరిగించండి. పొగ వచ్చేంత వేడెక్కితే అది చల్లారాక పెళుసుగా తయారవుతుంది. బిళ్ల చుట్టూ గాడిలోకి సన్నటి ధారగా, రెండు మూడు విడతల్లో పోయండి. ఒకేసారి నింపేస్తే మధ్యలో కుంచించుకుని గోడ నుంచి విడిపోతుంది. రెండో విడత పోసే ముందు మొదటిది మసకబారి, వేలికి అంటకుండా ఉండాలి.

చల్లారాక బిళ్లను పైకి లాగకుండా కొద్దిగా తిప్పి తీయండి. ఇప్పుడు కప్పును దీపం ముందు వంచి, మైనం అంచును భూతద్దంతో చుట్టూ చూడండి. మైనం రబ్బరును తాకిన చోట సన్నటి వెండి గీత మెరిస్తే అక్కడ గాలి ఉన్నట్టే. వేడి చేసిన స్పాచులా కొనతో ఆ చోటును మళ్లీ కరిగించండి. ప్లాస్టిసైజర్ నూనె ఎక్కువున్న రబ్బర్ల మీద మైనం ఎంత పోసినా పట్టదు. వాటికి బోల్టులతో బిగించే ఫ్లాంజ్ కప్పు వాడాలి.

ఇక ఆ రెండు అదనపు కప్పుల సంగతి. ఒకదానికి రబ్బరు బదులు 1 మిల్లీమీటరు అల్యూమినియం బిళ్ల బిగించి, అదే మైనంతో మూయండి, లోపల గుళికలు మామూలుగానే ఉంటాయి. లోహంలోంచి తేమ పోదు కాబట్టి ఈ కప్పు బరువు పెరగకూడదు. పెరిగితే మీ మైనం అంచులోంచి ఆవిరి కారుతోందని అర్థం. ఆ పెరుగుదలను నమూనా ఫలితంలోంచి తీసివేసి సర్దుకునే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది ఒప్పుకోదగ్గది కాదు. ఒక్కో కప్పు ఒక్కోలా కారుతుంది కాబట్టి తీసివేతకు అర్థం లేదు, అంచు బాగుచేసి మళ్లీ మొదలుపెట్టాలి. రెండోది డమ్మీ కప్పు: అసలు రబ్బరు నమూనానే బిగిస్తారు, లోపల గుళికల బదులు అంతే ఘనపరిమాణంలో ఎండబెట్టిన గాజు పూసలు వేస్తారు. ఇది వాతావరణ పీడనం, గది మార్పుల వల్ల వచ్చే తేడాను పట్టి ఇస్తుంది. దీని మార్పును మాత్రం మిగతా కప్పుల నుంచి తీసివేయాలి.

కొత్త కప్పుల సెట్టు, కొత్త మైనం, కొత్త మనిషి, వీటిలో ఏది వచ్చినా అల్యూమినియం బిళ్ల పరీక్ష ముందు వారం రోజులు నడపండి. అది నిలబడిన తర్వాతే రబ్బరును పెట్టండి.

తూకం

రోజూ ఒకే వేళకు, ఒకే వరసలో తూయండి. కప్పును ఛాంబర్‌లోంచి తీసి నేరుగా బ్యాలెన్స్ మీద పెట్టకూడదు. వెచ్చటి కప్పు చుట్టూ గాలి పైకి లేచి బరువును తక్కువ చూపిస్తుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూతపెట్టిన డబ్బాలో ఉంచి, ప్రతిసారీ అంతే సమయం ఆగండి.

తిరిగి ఛాంబర్‌లో పెట్టేటప్పుడు ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామంది గమనించరు. 38 డిగ్రీలు, 90 శాతం తేమున్న గాలికి మంచు బిందు ఉష్ణోగ్రత, అంటే ఆవిరి నీటి బొట్లుగా మారే హద్దు, 36 డిగ్రీలు. ఏసీ గదిలో 24 డిగ్రీలకు చల్లబడిన కప్పును అందులో పెడితే నమూనా మీద వెంటనే చెమట పడుతుంది. ఆ నీటి పొర ఉన్నంతసేపూ మీ రబ్బరు 90 శాతం తేమను కాక తడిని చూస్తోంది. పైగా మైనం గాడిలో చిక్కిన నీరు మర్నాటి తూకంలో కలుస్తుంది. అందుకే తూకం అయ్యాక కప్పులను 39, 40 డిగ్రీల పొడి ఓవెన్‌లో కాసేపు వెచ్చబెట్టి, తర్వాతే ఛాంబర్‌లో పెట్టండి. ఛాంబర్ తలుపు తీసి ఉంచే సమయం కూడా కుదించండి, ఒక్కో కప్పు కాకుండా అన్నీ ఒకే ట్రేలో తీసి పెట్టడం మేలు.

వాతావరణ పీడనం సంగతి వింటే అతిగా అనిపించవచ్చు, కానీ లెక్క చూడండి. మూసిన కప్పు 100 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తే, అంత గాలి బరువు దాదాపు 120 మిల్లీగ్రాములు. ఆ మేరకు గాలి కప్పును పైకి తేలుస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి పీడనం 10 హెక్టోపాస్కల్ పడిపోతే, ఆ తేలిక ఒక శాతం తగ్గి, కప్పు దాదాపు 1.2 మిల్లీగ్రాములు బరువెక్కినట్టు కనిపిస్తుంది. రోజుకు 12 మిల్లీగ్రాములు పెరిగే నమూనాలో అది 10 శాతం తప్పు. విశాఖలోనో కాకినాడలోనో అక్టోబరు, నవంబరు నెలల్లో పరీక్ష పెట్టేవాళ్లు డమ్మీ కప్పు లేకుండా మొదలుపెట్టకండి.

తూకం వేసిన ప్రతిసారీ కప్పును అరచేతిలో పెట్టుకుని మెల్లగా కదపండి. పై గుళికలు తేమ పీల్చి గట్టిపడితే కింద ఉన్నవాటికి పని ఉండదు, కలిపితే సమంగా పంచుకుంటాయి.

గ్రాఫులో ఏ భాగం తీసుకోవాలి

సమయం అడ్డంగా, బరువు పెరుగుదల నిలువుగా గీయండి. మొదటి రోజుల బిందువులు గీత మీద పడవు. పొడి కప్పులో మొదట్లో పెరుగుదల ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే మీరు తూస్తున్నది గుళికలను మాత్రమే కాదు, రబ్బరును కూడా. ఆ రబ్బరు ముందు తన కడుపు నింపుకుంటుంది. రోజువారీ పెరుగుదల మిల్లీగ్రాముల్లో 19, 13.5, 12.2, 11.9, 12.0, 12.1, 11.9, 12.0 అని వచ్చిందనుకోండి. మొదటి రెండింటినీ వదిలేయాలి. మూడో దాన్నుంచి నిలకడ వచ్చింది. ఇంత స్పష్టంగా తెలియనప్పుడు ఎక్సెల్‌లో వాలు వేసి, ముందు బిందువులను ఒక్కొక్కటే తీసేస్తూ పోండి. వాలు మారడం ఆగిన చోట నిలకడ మొదలైనట్టు. నిలకడ భాగంలో కనీసం ఆరు బిందువులు ఉండాలి.

నిలకడ రావడానికి పట్టే కాలం మందం వర్గాన్ని (మందాన్ని మందంతో గుణించగా వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 1 మిల్లీమీటరు షీటు రెండు రోజుల్లో కుదురుకుంటే, అదే రబ్బరు 3 మిల్లీమీటర్లలో 18 రోజులు తీసుకుంటుంది. వారం రోజుల్లో రిపోర్టు కావాలని ఒత్తిడి వచ్చినప్పుడు ఈ లెక్కను ముందు పెట్టి మాట్లాడండి. నిలకడ రాకముందు తీసిన సంఖ్య ఎంత జాగ్రత్తగా తూచినా పనికిరాదు.

లెక్క

పై ఉదాహరణలో నిలకడ వాలు రోజుకు 12.0 మిల్లీగ్రాములు, డమ్మీ సవరణ అయిపోయిందనుకుందాం. దాన్ని వైశాల్యంతో భాగించండి: 0.0120 గ్రాములను 0.003318 చదరపు మీటర్లతో భాగిస్తే రోజుకు చదరపు మీటరుకు 3.62 గ్రాములు. ఇది ఆవిరి ప్రసార రేటు. ఈ మందం, ఈ ఉష్ణోగ్రత, ఈ తేమకే చెల్లుతుంది.

తర్వాత దాన్ని 86,400 సెకన్లతో, 5,967 పాస్కల్స్‌తో భాగించండి. 38 డిగ్రీల దగ్గర సంతృప్త ఆవిరి పీడనం 6,630 పాస్కల్స్, అందులో 90 శాతం ఇది. లోపల గుళికల దగ్గర తేమ సున్నా అనుకుంటాం. వచ్చేది సెకనుకు, చదరపు మీటరుకు, పాస్కల్‌కు 7.0 నానోగ్రాములు. దీన్ని పర్మియన్స్ అంటారు. అమెరికా కొనుగోలుదారు పర్మ్‌లలో అడిగితే 57.2తో భాగించండి, 0.12 పర్మ్ వస్తుంది. చివరగా పర్మియన్స్‌ను మందంతో, అంటే 0.001 మీటరుతో గుణిస్తే మీటరుకు, సెకనుకు, పాస్కల్‌కు 0.0070 నానోగ్రాములు. ఇదీ ఆ రబ్బరు పారగమ్యత. సీల్ డిజైన్‌కు పనికొచ్చేది ఈ సంఖ్యే. అయితే ఉష్ణోగ్రత మారితే ఇదీ మారుతుంది, 38 డిగ్రీల విలువను 70 డిగ్రీల ఇంజిన్ పక్కన పెట్టే సీల్‌కు వాడకండి.

ప్రసార రేటు రోజుకు చదరపు మీటరుకు 1 గ్రాము కన్నా తక్కువగా ఉండే పదార్థాలకు ఈ పద్ధతి సరిపోదు. బరువు మార్పు బ్యాలెన్స్ ఊగిసలాటలో కలిసిపోతుంది. వాటిని ఇన్ఫ్రారెడ్ సెన్సర్ యంత్రమున్న ల్యాబుకు పంపండి. ఏఎస్‌టీఎం ఎఫ్1249 అని అడిగితే వాళ్లకు అర్థమవుతుంది.

షీటు నుంచి అసలు సీల్‌కు

సగటు వ్యాసం 100 మిల్లీమీటర్లు, తీగ మందం 5.33 మిల్లీమీటర్లు ఉన్న ఓ-రింగ్ తీసుకోండి. 20 శాతం నొక్కితే ఎత్తు 4.26 మిల్లీమీటర్లకు తగ్గి, సగటు వెడల్పు 5.24 మిల్లీమీటర్లు అవుతుంది. ఆవిరి దాటే వైశాల్యం అంటే చుట్టుకొలతను ఎత్తుతో గుణించగా వచ్చేది. దాటాల్సిన దూరం ఆ వెడల్పు. పై పారగమ్యతతో, అదే 38 డిగ్రీలు, 90 శాతం దగ్గర లెక్కిస్తే రోజుకు 0.92 మిల్లీగ్రాములు వస్తుంది. ఏడాదికి మూడో వంతు గ్రాము. పెట్టెలో 10 గ్రాముల సిలికా జెల్ పొట్లం పెట్టి, అది 2 గ్రాముల నీరు పీల్చగలదనుకుంటే, ఏడాదంతా ఇంత కఠినమైన వాతావరణమే ఉన్నా దాదాపు ఆరేళ్లు కాస్తుంది. అదే చోట 30 రెట్లు ఎక్కువ ఆవిరి వదిలే రబ్బరు వేస్తే అదే పొట్లం 72 రోజుల్లో నిండిపోతుంది. వేడికి తట్టుకుంటుందని సిలికోన్ ఎంచుకున్న పెట్టెల్లో అద్దాలు మసకబారడానికి కారణం చాలాసార్లు ఈ లెక్కలోనే దొరుకుతుంది.

దీన్ని సరిచూడాలంటే అసలు గాడి, అసలు నొక్కు, వాడే గ్రీజు ఉన్న స్టీలు ఫిక్స్చర్ చేయించండి. దాని బరువు కిలో దాటుతుంది కాబట్టి 0.1 మిల్లీగ్రాము బ్యాలెన్స్ మీద పెట్టలేరు. ఇక్కడ తూకం మానేసి లోపల చిన్న తేమ సెన్సర్ పెట్టడం మంచిది. 38 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల గాలి పూర్తిగా తేమతో నిండడానికి 4.6 మిల్లీగ్రాముల నీరు చాలు. రోజుకు 0.92 మిల్లీగ్రాములు లోపలికి వస్తే తేమ మొదట్లో రోజుకు 20 శాతం చొప్పున ఎక్కుతుంది, మామూలు సెన్సర్ కూడా దాన్ని సులువుగా పట్టుకుంటుంది.

ఫిక్స్చర్‌కు రెండు చిన్న వాల్వులు పెట్టించి, ఛాంబర్‌లో ఉంచి, లోపల పొడి నైట్రోజన్ సన్నగా పారించండి. ఓ-రింగ్ వెడల్పు 5 మిల్లీమీటర్లకు పైనే కాబట్టి నిలకడకు షీటు కన్నా పాతిక రెట్లకు పైగా కాలం పడుతుంది, అన్ని రోజులూ నైట్రోజన్ ఆడుతూ ఉండాలి. తర్వాత వాల్వులు మూసి, తేమ సున్నా నుంచి 10 శాతానికి ఎక్కే మొదటి భాగం వాలునే తీసుకోండి. లోపల తేమ చేరేకొద్దీ నెట్టే బలం తగ్గి గీత వంగిపోతుంది. సెన్సర్ తీగల ప్లాస్టిక్ కూడా కొంత తేమ తాగుతుంది, అందుకని లోపల ప్లాస్టిక్ ఎంత తక్కువుంటే అంత మంచిది.

కొలిచినది లెక్కకు రెట్టింపు లోపల ఉంటే అది రబ్బరు పనే, కాంపౌండ్ మార్చడం గురించి ఆలోచించండి. పదింతలు వస్తే గాడిలో గీత, అంటుకున్న వెంట్రుక, వంకర ఫ్లాంజ్ వెతకండి. హీలియం లీక్ డిటెక్టర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: హీలియం చల్లిన క్షణంలోనే ముల్లు లేస్తే లీకేజీ, కొన్ని నిమిషాల తర్వాత నెమ్మదిగా లేస్తే అది రబ్బరులోంచి దాటి వస్తున్న హీలియం.

నీరు కాకుండా పెట్రోలో, సాల్వెంటో అయితే

పద్ధతి తడి కప్పు లాంటిదే, రబ్బర్లకు ఏఎస్‌టీఎం డి814, ఐఎస్‌ఓ 6179 ఉన్నాయి. మైనం కరిగిపోతుంది కాబట్టి బిగించే కప్పే వాడాలి. ద్రవం నేరుగా తాకే సీల్ అయితే కప్పును తలకిందులుగా ఉంచండి. రబ్బరు ఉబ్బి మందం మారుతుంది, పరీక్ష ముందూ తర్వాతా మందం కొలిచి రెండూ రాయండి. మామూలు ఇన్క్యుబేటర్‌లో పెట్రోల్ కప్పులు పెట్టడం ప్రాణాపాయం. దాని థర్మోస్టాట్ నిప్పురవ్వ చాలు. ఫ్యూమ్ హుడ్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర చేయండి, లేదా పేలుడు రక్షణ ఉన్న ఓవెన్ ఉన్న ల్యాబుకు ఇవ్వండి.

రిపోర్టులో ఏముండాలి

కాంపౌండ్ పేరు, బ్యాచ్, క్యూరింగ్ తేదీ, ప్రతి నమూనా మందం, పొడి కప్పా తడి కప్పా, ఉష్ణోగ్రత, తేమ, మూడు నమూనాల ఫలితాలు విడివిడిగా, సగటు, వదిలేసిన రోజులు, అల్యూమినియం కప్పు వాలు, డమ్మీ సవరణ. మూడు నమూనాల్లో ఒకటి మిగతా రెంటికన్నా బాగా ఎక్కువ వస్తే దాన్ని సగటులో కలపకముందు మైనం ఊడదీసి చూడండి. గ్రాఫును రిపోర్టుకు జతచేయండి, అది చూస్తే చదివేవాళ్లకు నిలకడ వచ్చిందో లేదో వాళ్లే తేల్చుకుంటారు. పరీక్షించిన షీటులో మిగిలిన ముక్కను లాటు నంబరుతో అల్యూమినియం ఫాయిల్ సంచిలో మూసి పెట్టండి. కొనుగోలుదారు ల్యాబులో వేరే సంఖ్య వస్తే ఇద్దరూ అదే ముక్కను మళ్లీ కొలవవచ్చు.